ఒక బొమ్మను దించి చూద్దాం



కౌతాళం, కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు బొమ్మలు వేసే పిల్లలకు కొదవ లేదు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసినవాళ్లు, చవితికి వినాయకుడి విగ్రహాలకు రంగులేసేవాళ్లు, పెళ్లింటి గోడ మీద పేర్లు రాసేవాళ్లు ఊరికి ఒకరిద్దరైనా కనిపిస్తారు. పెన్సిలు, వాటర్ కలర్ వరకు ధైర్యంగానే వేస్తారు. నూనె రంగుల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. నేర్పేవాళ్లు దగ్గర్లో దొరకరు. కాలేజీలో చేరి నేర్చుకోవాలంటే కడపకో, హైదరాబాదుకో, విశాఖపట్నానికో పోవాలి. పోలేనివాళ్లకు ఈ పూట ఒక గురువును పరిచయం చేస్తాను. ఆయన 1682లోనే చనిపోయాడు. ఫీజు అడగడు, కసురుకోడు. ఆయన వేసిన ఒక్క బొమ్మను ఎదురుగా పెట్టుకుని ఓపిగ్గా దించితే నూనె రంగుల పని సగం వంటబడుతుంది.

ఆయన పేరు యాకబ్ వాన్ రాయిస్‌డాల్. హాలండు దేశంలో హార్లెం అనే ఊళ్లో పుట్టాడు. తన ఊరిని దూరం నుంచి చూసి చాలా బొమ్మలు వేశాడు. వాటిలో ఒకటి ద హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. 1670కీ 1675కీ మధ్య వేసిందంటారు. పెద్ద బొమ్మ కాదు. ఎత్తు 55న్నర సెంటీమీటర్లు, వెడల్పు 62. రెండడుగుల గుడ్డ ఉంటే సరిపోతుంది.

రేడియోలో బొమ్మ చూపించే వీలు లేదు గనక మాటల్లోనే చూడాలి. ఊరి బయట ఇసుక దిబ్బ ఎక్కి నిలబడ్డాం అనుకోండి. బొమ్మలో పై మూడింట రెండు వంతులు ఆకాశమే. మబ్బులు తల మీద పెద్దపెద్దగా మొదలై దూరం పోయేకొద్దీ చిన్నవై, పలచబడి, అడ్డంగా పరుచుకుంటాయి. కింద మిగిలిన వంతు నేల. మన కాళ్ల దగ్గరి దిబ్బ నీడలో ఉంటుంది. దాని వెనక పచ్చిక మీద తెల్లటి బట్టలు బారులు బారులుగా పరిచి ఉంటాయి. వాటి పక్కన నాలుగైదు ఇళ్లు, అక్కడక్కడ చీమంత మనుషులు. ఆ వెనక చెట్లు, పొలాలు. నేల ఆకాశంలో కలిసేచోట సన్నటి గీతలాగా హార్లెం ఊరు, ఆ గీతను దాటి తల ఎత్తిన సెయింట్ బావో చర్చి. మబ్బుల సందుల్లోంచి ఎండ జారి రెండు మూడు చోట్ల మాత్రమే పడుతుంది. ఒక పొడ సరిగ్గా ఆ బట్టల మీద.

ఆ బట్టలు ఎందుకక్కడ ఉన్నాయో ఎమ్మిగనూరు నేతగాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మగ్గం దిగిన నార బట్ట తెల్లగా ఉండదు. క్షారపు నీళ్లలో నానబెట్టి, మజ్జిగలో నానబెట్టి, మళ్లీ ఉతికి, నెలల తరబడి ఎండలో పరిచి చలువ చేసేవాళ్లు. అవును, మజ్జిగే. ఆ పనికి హార్లెం పేరు మోసింది, పక్క దేశాల నుంచి కూడా బట్టలు అక్కడికి చలువకు వచ్చేవి. అదే కాలంలో అదే డచ్చివాళ్లు మచిలీపట్నంలో కోఠీ పెట్టి మన తెలుగు నేత బట్టలు ఓడల్లో పట్టుకుపోతున్నారు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరుకు ఈ బొమ్మ మరీ పరాయిదేం కాదు.

ఇంకొకటి. నార బట్ట అవిసె మొక్క కాడల నుంచి వస్తుంది. అదే మొక్క గింజల నుంచి వచ్చేది అవిసె నూనె, నూనె రంగులకు ప్రాణం. ఆ కాలంలో చిత్రకారులు బొమ్మలు వేసిన గుడ్డ కూడా ఎక్కువగా నార గుడ్డే. అంటే బొమ్మలో ఆరబెట్టిన బట్ట, బొమ్మ వేసిన గుడ్డ, రంగు కలిపిన నూనె, మూడూ ఒక్క మొక్కవే.

అందుకే, దించడానికి ఏ బొమ్మ తీసుకోమంటారు అని అడిగితే నేను దీన్నే చెప్తాను. చాలామంది స్విట్జర్లాండు మంచు కొండలు, చెరువు పక్కన ఎర్ర పెంకుల ఇల్లు, ఆ చెరువులో హంసలు ఉన్న క్యాలెండరు తెచ్చుకుంటారు. తప్పని కాదు. కానీ ఆ మంచు మనం చూడలేదు, ఆ కొండ నీడ ఎంత నీలంగా ఉంటుందో మనకు తెలియదు. తెలియనిదాన్ని దించితే బొమ్మలో ఉన్న తప్పు కూడా ఒప్పనుకుంటాం. రాయిస్‌డాల్ నేల బల్లపరుపుగా ఉంటుంది. కౌతాళం నల్లరేగడి కూడా అంతే. అటు ఉరుకుంద దాకా, ఇటు తుంగభద్ర దాకా చూపుకు అడ్డం లేదు. పెద్ద ఆకాశం కింద చిన్న ఊరు ఎలా ఉంటుందో మనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

సరే, దించడం అంటే కొందరికి చిన్నచూపు. సొంతంగా వేయలేనివాడే చూసి వేస్తాడంటారు. ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ అని గొప్ప ప్రకృతి చిత్రకారుడు ఉండేవాడు. 1832 నాటికి ఆయనకు యాభై ఆరేళ్లు, రాయల్ అకాడమీ సభ్యుడు. ఆ వయసులో సర్ రాబర్ట్ పీల్ దగ్గరున్న రాయిస్‌డాల్ మంచుకాలపు బొమ్మను అడిగి తెచ్చుకుని కూర్చుని దించాడు. అసలుకూ నకలుకూ తేడా తెలియాలని అందులో ఒక కుక్కను చేర్చాడు. వెనకవైపు తన చేత్తోనే రాసిపెట్టాడు, ఇది ఫలానావారి బొమ్మకు నకలు, కుక్కను నేను కలిపాను అని. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఇప్పటికీ అనుమతి తీసుకుని కూర్చుని దించవచ్చు, అయితే నకలు అసలు సైజులో ఉండకూడదు. మన దగ్గర అజంతా గోడ బొమ్మలను బొంబాయి జె.జె. స్కూలు విద్యార్థులు జాన్ గ్రిఫిత్స్ వెంట పోయి 1872 నుంచి 1885 వరకు గుడ్డ మీద నూనె రంగుల్లో దించారు. మీరు కూడా వెనకవైపు రాయండి, ఎవరి బొమ్మకు నకలో. పేరు దాచి అమ్మితే అది దొంగతనం. పేరు చెప్పి దించితే చదువు.

ఇక పనిలోకి దిగుదాం.

మౌరిట్స్‌హౌస్ వాళ్ల వెబ్‌సైటులో ఈ బొమ్మ పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతుంది. ఫోనులో చూస్తూ వేయకండి. ఒక్కో ఫోను ఒక్కో రంగు చూపిస్తుంది, పైగా నిమిషానికోసారి ఆరిపోతుంది. కలర్ ల్యాబులో మెరుపు లేని కాగితం మీద ప్రింటు తీయించుకోండి. దాంతోపాటు బ్లాక్ అండ్ వైట్ ప్రింటు కూడా ఒకటి. నన్నడిగితే రంగుల ప్రింటు కంటే ఆ రెండోదే ఎక్కువ పనికొస్తుంది. రంగు విషయంలో ప్రింటును పూర్తిగా నమ్మడానికి ఎలాగూ లేదు. అసలు బొమ్మనే మూడున్నర శతాబ్దాలు మార్చేశాయి. పైన పూసిన వార్నిష్ పసుపెక్కుతుంది. ఆ రోజుల్లో చాలామంది డచ్చి చిత్రకారులు ఆకాశానికి స్మాల్ట్ అనే నీలం గాజు పొడి వాడేవాళ్లు, అది నూనెలో రానురాను బూడిద రంగుకు దిగుతుంది. మారనిది వెలుగు చీకట్ల లెక్క. ఏది దేనికన్నా ముదురు, ఏది లేత, అదే మనం నేర్చుకోవాల్సింది.

గుడ్డ సంగతి. ఆదోనిలో పత్తికి కరువా? మందపాటి నూలు గుడ్డ చెక్క ఫ్రేముకు బిగించి వాడుకోవచ్చు. కానీ వట్టి గుడ్డ మీద నూనె రంగు వేయకూడదు. నూనె గాలిని పీల్చుకుని ఆరుతుంది, ఆరుతూ ఆరుతూ నూలును తినేస్తుంది. కొన్నేళ్లకు గుడ్డ పెళుసెక్కి చిరుగుతుంది. అందుకని ముందు జిగురు పూత, దాని మీద తెల్లపూత వేయాలి. పడుగుకు గంజి పెట్టకుండా మగ్గం ఎక్కించరు కదా, ఇది కూడా అలాంటి ముందు పనే. షాపులో జెస్సో అని డబ్బా దొరుకుతుంది, రెండు పూతలు ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా వేసి, ఆరాక సన్న ఉప్పుకాగితంతో రుద్దితే చాలు.

బొమ్మను గుడ్డ మీదికి ఎక్కించడానికి ట్రేసింగ్ వద్దు. గళ్లు కొట్టండి. ఈ విద్య మన ఊళ్లలో కొత్తది కాదు. ఫ్లెక్సీలు రాకముందు సినిమా బ్యానర్లు వేసిన ఆర్టిస్టులంతా చేతిలో ఉన్న ఫొటోకు గళ్లు గీసి, సుద్ద తాడుతో ఇరవై అడుగుల గుడ్డకు గళ్లు కొట్టి, గడి గడి చూసుకుంటూ ముఖం తేల్చినవాళ్లే. పిండిరంగులో అవిసె నూనె కలిపి వాడినవాళ్లూ వాళ్లే. ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఆ తరం వాళ్లు ఇంకా ఎవరైనా కనిపిస్తే ఒక పూట వాళ్ల దగ్గర కూర్చోండి, పుస్తకాల్లో లేనివి చెప్తారు.

గళ్లు గీశాక ముందు ఒక్క అడ్డగీత. నేల, ఆకాశం కలిసే గీత. అది కింద నుంచి మూడో వంతు దగ్గర వస్తుంది. అది చూసేవాడి కంటి ఎత్తు. గీతకు కింద ఉన్న ఇళ్ల కప్పులు మనకు పై నుంచి కనిపిస్తాయి, గీతను దాటి పైకి లేచిన చర్చి మన కంటికన్నా ఎత్తైనదని అర్థం. కట్టడాలున్న బొమ్మల్లో ఈ ఒక్క గీత తప్పితే ఇల్లు ఎంత బాగా వేసినా జారిపడుతున్నట్టు ఉంటుంది.

రంగులు చాలా కొనకండి. టైటానియం వైట్, యెల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, రా అంబర్, అల్ట్రామరీన్ బ్లూ. ఈ ఐదు ట్యూబులు చాలు. నలుపు వద్దు. అల్ట్రామరీన్, అంబర్ కలిపితే వచ్చే చీకటి, ట్యూబు నలుపు కన్నా బతికి ఉంటుంది. మొదటి రోజు ఒక్క అంబర్‌తోనే పని. టర్పెంటైన్‌లో పలచగా కలిపి గుడ్డంతా పూసి, తడి ఆరకముందే పాత గుడ్డపేలికతో వెలుగున్నచోట్ల తుడవండి. మబ్బు అంచు, బట్టల బారులు, ఎండ పడిన పొలం. నీడలున్నచోట ఇంకొంచెం అంబర్ పెట్టండి. గంటలో బొమ్మ మొత్తం గోధుమ రంగులో లేచి నిలబడుతుంది. అంబర్ మట్టిలో మాంగనీసు ఉంటుంది గనక తొందరగా ఆరుతుంది. మరునాటికో ఆ మరునాటికో పై పొరకు సిద్ధం.

ఆ పై పొర ఆకాశం. ఇక్కడ చాలామంది ట్యూబు పిండి తెల్లటి తెలుపు మబ్బంతా పట్టిస్తారు. బ్లాక్ అండ్ వైట్ ప్రింటు తీసి కళ్లు చికిలించి చూడండి. మబ్బులో తెలుపు ఎంత తక్కువో తెలుస్తుంది. మబ్బు కడుపంతా బూడిద రంగు. అంచు మీద, అదీ ఒక పక్కనే, పసుపు చుక్క కలిసిన తెలుపు. నీలం కూడా అంతటా ఒకటి కాదు, నడినెత్తిన ముదురు, దిగేకొద్దీ లేత, గీత దగ్గర వెచ్చటి బూడిద. మబ్బు కింది అంచులు అడ్డంగా, చదునుగా ఉంచండి. దూరపు మబ్బులు గుండ్రంగా వేస్తే ఆకాశం గోడలాగా నిలబడిపోతుంది, నేల మీద కప్పులాగా పరుచుకోదు.

ఆకాశం తడిగా ఉండగానే చర్చి దగ్గరికి రావాలి. పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, "సార్, దానికి కిటికీలు ఎన్ని?" బొమ్మను భూతద్దం కింద పెట్టి చూడమంటాను. ఒక నీడ ఆకారం, దాని మీద అక్కడక్కడ చిన్న తేడా. అంతే. కిటికీలను మన కన్నే పెట్టుకుంటోంది, రాయిస్‌డాల్ పెట్టలేదు. మీరూ అలాగే చేయండి. అల్ట్రామరీన్, అంబర్, వాటిలో బోలెడంత తెలుపు కలిపి, వెనకున్న ఆకాశానికన్నా ఒక్క మెట్టు మాత్రమే ముదురుగా ఉండే రంగు తీసుకోండి. పావు అంగుళం ఫ్లాట్ బ్రష్‌తో చర్చి ఒడ్డూ పొడుగూ ఒకేసారి దించేయండి. ఎండ తగిలే పక్కన ఓకర్ కలిసిన తెలుపు ఒక్క గీటు. కింద చెట్లలో కలిసేచోట పొడి బ్రష్‌తో అంచును అలా చెదరగొట్టండి. ఇక బ్రష్ కింద పెట్టేయాలి. ఇంకో రెండు గీతలు గీద్దామని చెయ్యి లాగుతుంది, ఆ రెండు గీతలతోనే చర్చి ఒక మైలు ముందుకు వచ్చి పడుతుంది. దగ్గరి ఇళ్లకు మాత్రం కప్పు ఒక రంగు, ఎండ గోడ ఒకటి, నీడ గోడ ఒకటి, మూడు ముక్కలుగా వేయాలి. మనుషులు ఒక్కొక్కరు ఒక చుక్క.

నేల సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. ఒక నీడ పట్టీ, ఒక ఎండ పట్టీ, మళ్లీ నీడ, మళ్లీ ఎండ. ఆ వరస పట్టుకుంటే దూరం దానంతటదే వస్తుంది.

నూనె దగ్గర కొంచెం ఆగాలి. ఇది బుడ్డల నూనె, అంటే వేరుశనగ నూనె మిల్లుల సీమ. ఇంట్లో మంచి నూనె ఉండగా అవిసె నూనె సీసా కొనడమెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. మూడు గాజు ముక్కలు తీసుకుని ఒకదాని మీద అవిసె నూనె, ఒకదాని మీద చిత్రకారులకు అమ్మే కుసుమ నూనె, ఇంకోదాని మీద బుడ్డల నూనె పలచగా పూసి గాలికి పెట్టండి. కొన్ని రోజులకు అవిసె నూనె తోలు కట్టి గట్టిపడుతుంది. కుసుమ నూనె ఇంకొంత ఆలస్యంగా అదే పని చేస్తుంది. బుడ్డల నూనె నెల తర్వాత కూడా వేలికి జిడ్డుగానే అంటుతుంది. ఆముదం కూడా అంతే. నూనె రంగు నీళ్ల రంగులాగా ఇగిరిపోయి ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఆ గుణం అన్ని నూనెలకూ లేదు. మన రేగడిలో పండే కుసుమలకు ఆ గుణం ఉంది, పైగా దాని నూనె అవిసె నూనెంత పసుపెక్కదు. అందుకే తెలుపు ట్యూబుల్లో కంపెనీలు కుసుమ నూనె కలుపుతుంటాయి. అలాగని వంటకు తెచ్చిన రిఫైన్డ్ డబ్బా వాడకండి, నిలవ ఉండడానికి అందులో వేరేవి కలుపుతారు.

ఇంకో నియమం. కింది పొరలో టర్పెంటైన్ ఎక్కువ, నూనె తక్కువ. పైకి పోయేకొద్దీ నూనె కాస్త కాస్త పెంచాలి. తిరగేస్తే పైపొర ముందు ఆరి, కింద మెత్తగా ఉన్న పొర కదిలి, నెర్రెలిస్తుంది. వేసవిలో ఎండిన చెరువు అడుగు చూశారుగా.

పత్తి ఊళ్లలో ఉన్నాం గనక ఒక జాగ్రత్త. అవిసె నూనె తుడిచిన నూలు పేలికలను ఉండ చేసి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోదు, నిప్పు లేకుండానే అంటుకోగలదు. పేలికలను విడివిడిగా తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లున్న రేకు డబ్బాలో ముంచండి. ఇంటి పక్కన జిన్నింగు మిల్లు ఉందంటే మరీ జాగ్రత్త. కిటికీలు తెరిచి పని చేయండి, టర్పెంటైన్ ఆవిరి మంచిది కాదు.

నకలు పూర్తయ్యాక వీలుంటే ఒకసారి హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి పోయి రండి. అక్కడి యూరప్ గదుల్లో వెనిస్ నగరపు కట్టడాల బొమ్మలున్నాయి. ప్రింటులో చూసిన కంటికి అసలు నూనె రంగు ఎదురుగా చూస్తే గానీ తెలియని సంగతి ఒకటుంది. వెలుగున్నచోట రంగు మందంగా, గరుకుగా ఉంటుంది, నీడల్లో పలచగా, లోపలికి చూడగలిగేలా ఉంటుంది. దించకముందు పోతే బొమ్మ బాగుందనుకుని వచ్చేస్తారు. దించాక పోతే పక్కకు వంగి, లైటు వెలుతురు ఏటవాలుగా పడేచోట నిలబడి, ఎక్కడ ఎంత మందం పెట్టాడో చూస్తారు. కాపలా మనిషి ఒకటికి రెండుసార్లు దగ్గుతాడు, పట్టించుకోకండి, తాకకుండా ఉంటే చాలు.

ఆ తర్వాత సొంత బొమ్మ. ఆదోని కోట కొండలు, రణమండల కొండ, పదిహేడో శతాబ్దంలో సిద్ది మసూద్‌ఖాన్ కట్టించిన షాహీ జామియా మసీదు, కౌతాళంలో ఖాదర్‌లింగ స్వామి దర్గా, ఉరుకుంద ఈరన్న స్వామి గుడి. బొమ్మకు నిలబడే కట్టడాలు మనకు తక్కువా? అయితే హార్లెం రంగులు తెచ్చి ఆదోని మీద పూస్తే అతకవు. డచ్చివాళ్ల గాలిలో తేమ ఎక్కువ. మన ఏప్రిల్ మధ్యాహ్నం ఎండలో దూరపు కొండ నీలంగా కాదు, దుమ్ము పట్టిన లేత గోధుమ రంగులో ఉంటుంది. రేగడి నేల ఎండాకాలం బూడిద, వాన పడ్డ మరునాడే నలుపు. వాళ్లకు వాలు కప్పులు, మనకు చౌడు మట్టి పరిచిన చదును మిద్దెలు. మిద్దె వేయడం తేలికే అనిపిస్తుంది గానీ, దాని మీద ఎండకూ గోడ మీద ఎండకూ తేడా పట్టుకోవడం కష్టం. నడిమధ్యాహ్నం మిద్దె పైభాగం గోడకన్నా తెల్లగా మెరుస్తుంది, సాయంత్రం గోడే గెలుస్తుంది. హార్లెం బట్టల బారుల స్థానంలో ఏముంది మనకు అనుకుంటే, నవంబరులో పత్తి విచ్చిన చేను చూడండి.

మొదలుపెట్టడానికి శ్రావణం మంచి కాలం. వాన వెలిసిన గాలిలో దుమ్ము అణిగి ఉంటుంది, మబ్బుల నీడలు చేల మీద నడుస్తూ పోతాయి. పొద్దున్నే ఊళ్లో అందరికన్నా ఎత్తున్న మిద్దె ఎక్కండి, ఇంటివాళ్లను అడిగి. అక్కడి నుంచి కంటి ఎత్తు గీత ఎక్కడొస్తుందో ముందు గీసుకోండి, ఎండ పొడ ఏ మిద్దె మీద పడిందో గుర్తు పెట్టుకోండి. అది పక్క వీధికి జరిగిపోయినా మీరు మాత్రం దాని వెంట పోవద్దు, మొదట పడినచోటే ఉంచి పని కానివ్వండి.